ఎంబసీ తిండి, అబ్బా షేర్వానీ

ఆ రోజుల్లో నేను సన్నగా ఉండేవాణ్ణి. ఈ మాట మా కోచింగ్ సెంటర్‌లో ఎప్పుడైనా నోరు జారి అన్నానంటే పిల్లలు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని, నవ్వు ఆపుకోవడానికి పుస్తకాల్లోకి తలలు దూర్చేస్తారు. వాళ్ళ తప్పేమీ లేదు. పోటీ పరీక్షలకు అంతర్జాతీయ సంబంధాలు చెప్పే ఈ లావుపాటి సారు ఒకప్పుడు విదేశంలో, మన దేశపు రాయబార కార్యాలయంలో ఇంటర్న్‌గా పనిచేశాడంటేనే వాళ్ళు నమ్మరు, ఇక సన్నగా ఉండేవాడంటే ఏం నమ్ముతారు. ఆ రోజుల్లో నాకు భవిష్యత్తు మీద ఆశ ఉండేది కాదు (ఇప్పుడూ లేదనుకోండి), ఆకలి మాత్రం బ్రహ్మాండంగా ఉండేది. అలాంటివాణ్ణి తీసుకెళ్ళి ఫ్రీ భోజనాల మధ్య వదిలేస్తే ఏమవుతుందో నాకంటే బాగా చెప్పగలవాడు మీకు దొరకడు.

మా అబ్బా (మా ఇళ్ళల్లో నాన్నను అట్లాగే పిలుస్తాం) బూర్గంపాడులో టైలరు. అందులోనూ షేర్వానీల టైలరు. గోదావరికి ఇటు పక్కా అటు పక్కా ఏ ఇంట్లో నిఖా కుదిరినా పెళ్ళికొడుకు మా కొట్టు మెట్లు ఎక్కాల్సిందే. అబ్బా మెడలో టేపు వేలాడేది గానీ అది అలంకారానికే. మనిషి గడప దాటి వస్తుండగానే కళ్ళతో కొలిచేసేవాడు. నన్ను మాత్రం మిషను దగ్గరికి రానిచ్చేవాడు కాదు. "నువ్వే సూది పట్టుకుంటె ఇగ నిన్ను చదివిచ్చింది దేనికి," అనేవాడు. అలా సూదిలో దారం ఎక్కించడం కూడా రాకుండా పీజీ దాకా చదివాను. సరిగ్గా నా పీజీ పూర్తయ్యే సమయానికి మా కొట్టుకు ఎదురుగా, రోడ్డు అవతల, అద్దాల తలుపులతో ఒక షోరూం వెలిసింది. అందులో షేర్వానీలు కిరాయికి ఇస్తారు. పెళ్ళికొడుకులు తీసుకెళ్ళి, నిఖా చేసుకుని, మర్నాడు తెచ్చి ఇచ్చేస్తున్నారు. అబ్బాకు ఈ సంగతి ఎంతకీ మింగుడుపడలేదు. "ఇంకొకని పెండ్లిల చెమట పట్టిన బట్ట వీడెట్ల తొడుగుతడు?" అని ఖాళీ మిషను ముందు కూర్చుని అడిగేవాడు, ఎవరిని అడిగేవాడో తెలియదు. ఆ ఏడు మా కొట్టులో కొత్త షేర్వానీలకంటే నడుము దగ్గర వదులు చేసిన పాత ప్యాంట్లే ఎక్కువ.

అలాంటి దిక్కుమాలిన రోజుల్లో నాకు ఇంటర్న్‌షిప్ వచ్చింది. (ఊళ్ళో ఆ మాట ఎవరికీ తిరగక, "టైలర్ సాబ్ కొడుకు రాయబారి అయిండు" అని తేల్చేశారు. నేను ఖండించలేదు. ఖండించినా ఎవరూ వినేలా లేరు.) అబ్బా ఏళ్ళుగా దాచి ఉంచిన ముదురు నీలం బట్ట బయటికి తీసి నాకు షేర్వానీ కుట్టాడు. తొడుక్కుని చూస్తే నా ఒంటికి అంటుకున్నట్టు కుదిరింది గానీ పక్కల దగ్గర ఎందుకో బరువుగా అనిపించింది. అడిగితే, "నీకు తెల్వదు, పెట్టెల పెట్టు," అన్నాడు. బస్సు ఎక్కే ముందు మాత్రం నా చెయ్యి పట్టుకుని, "జనవరిల జెండా పండుగకు ఆడ పెద్ద దావత్ ఉంటదట గద. ఇది తొడుక్కొని, మీ పెద్దసారు పక్కన నిలవడి ఒక్క ఫోటో దిగు బేటా. నిలువెత్తు చేపిచ్చి కొట్టు ముంగట పెడ్త. గా కిరాయికి పోయేటోడు దాన్ని చూసి ఒక్కసారన్న ఆగుతడు," అన్నాడు. జీతం తెమ్మనలేదు, ఉద్యోగం తెచ్చుకొమ్మనలేదు. ఒక్క ఫోటో అడిగాడు. అది కూడా నావల్ల అవుతుందా అని నాకు అప్పుడే అనుమానం.

వెళ్ళిన దేశం పేరు చెప్పను, ఆ దేశానికి నావల్ల జరిగిన మేలేమీ లేదు. మధ్యాహ్నం టీ తాగేలోగా పొద్దు గూకే చలి దేశం. నాకిచ్చిన పని పేపర్లు కత్తిరించి అతికించడం, మీటింగులకు కుర్చీలు సర్దడం. కానీ సౌకర్యాల గురించి అబద్ధం చెప్పకూడదు. వెచ్చటి గది ఇచ్చారు. ఆఫీసు వంటాయన, తను చేసినదాన్ని రెండోసారి అడిగి పెట్టించుకునేవాడు ఇన్నాళ్ళకు దొరికాడని, పొద్దున్నే నాకు పూరీలు పొంగించి పెట్టేవాడు. పెద్దసారు (అసలు రాయబారి) కారు సర్వీసింగుకు వెళ్తుంటే డ్రైవరు నన్ను వెనక సీట్లో ఎక్కించుకునేవాడు. (సారు లేనప్పుడు కారు మీది జెండాకు తొడుగు వేసేస్తారు. తొడుగు వేసిన జెండా, కిటికీ దగ్గర నేను. ఆ రెండింటికీ ఎవరూ సెల్యూట్ కొట్టలేదు.) వీటన్నిటికీ మించిన సౌకర్యం విందులు. ప్రతి దేశానికీ ఒక జాతీయ దినం ఉంటుంది, ఆ రోజు మిగతా దేశాల ఎంబసీలన్నిటినీ పిలిచి భోజనం పెడతారు. ప్రపంచంలో ఇన్ని దేశాలున్నాయని పుస్తకాల్లో చదవడం వేరు, ప్లేటు పట్టుకుని తెలుసుకోవడం వేరు. మా పైఅధికారి మేడమ్ ఏళ్ళ తరబడి ఆ విందులు తిని విసిగిపోయిన మనిషి. ఆహ్వానం రాగానే, "నువ్వెళ్ళు బాబూ, మన తరఫున ఎవరో ఒకరు కనబడాలి," అనేది. నేను కనబడేవాణ్ణి. వారం వారం ఇంకొంచెం ఎక్కువగా కనబడేవాణ్ణి.

అక్కడ నిలబడి అందరూ వ్యాపార ఒప్పందాల గురించి మాట్లాడుకుంటుంటే, నేను ఇందులో పంది మాంసం కలిసిందా, ఇందులో మందు కలిసిందా అని కనుక్కునేవాణ్ణి. నా దౌత్యమంతా అంతే. కలవలేదని తేలాక నోటికి వేరే పని ఉండేది. లోపల మాత్రం ఒకటే దిగులు. ఇదయ్యాక ఏంటి? నాతో వచ్చిన ఇంటర్న్‌లు గలగలా మాట్లాడుతూ ఎవరి దారి వాళ్ళు వేసుకుంటున్నారు. నేను తిరిగి వెళ్ళి అబ్బా పక్కన, ఇంకో ఖాళీ కుర్చీలో కూర్చోవాలి. దిగులేస్తే కొందరు అన్నం మానేస్తారట. నేను ఆ కోవకు చెందను.

జనవరి వచ్చింది. మా విందు సాయంత్రం. ఆ మధ్యాహ్నం పెట్టెలోంచి షేర్వానీ తీసి తొడుక్కున్నాను. చేతులు దూరాయి. గుండీలు మాత్రం కాజాల దాకా రాలేదు. ఊపిరి బిగబట్టాను, గోడకు ఆనుకున్నాను, మంచం మీద వెల్లకిలా పడుకుని లాగాను. రెండు అంచుల మధ్యా నా పొట్ట ఎవరు పిలిచారో తెలియని చుట్టంలా కూర్చుని ఉంది. ఆ చలి దేశంలో నాకు చెమటలు పట్టాయి. అబ్బా జీవితంలో నన్ను అడిగిన ఒకే ఒక్క పనిని నేను తినేశాను. ఇంకేం చెయ్యాలో తోచక వీడియో కాల్ చేశాను.

బూర్గంపాడులో అప్పటికే దీపాలు పెట్టే వేళ. కొట్టులో కరెంటు బల్బు కింద అబ్బా, ఆయన పక్కన టేకులపల్లి దిక్కు అడవి పల్లె నుంచి వచ్చిన తునికాకు తాత (వేసవిలో బీడీలకు వాడే తునికాకు కోసి కట్టలు కట్టేవాడు, మనవడి పెళ్ళికి ప్యాంటు కుట్టించడానికి వచ్చాడు). ఇంట్లో మేం ఉర్దూ మాట్లాడతాం గానీ, కొట్టులో ఎవరైనా ఉంటే అబ్బా నాతో ఫోన్లో తెలుగే మాట్లాడేవాడు, కొడుకు ఎంబసీ సంగతులు వాళ్ళకూ అర్థం కావాలని. ఆ రోజూ స్పీకర్ పెట్టాడు. నేను ఏడుపు గొంతుతో విషయం చెప్పాను.

"పక్కకు తిరుగు," అన్నాడు అబ్బా. తిరిగాను. "ఊపిరి వదులు." వదిలాను. ఆయన కాసేపు చూసి, "మంచిగ పెడ్తున్రన్నట్టు," అన్నాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"ఏం చెయ్యాలె అబ్బా? ఇగ ఫోటో లేదు, ఏం లేదు."

"ఏడ్వకు. ఇప్పి తిరగెయ్యి. చంక కింద అస్తరు విప్పి చూడు, లోపల ఏమున్నదో."

మేడమ్ దగ్గర గోళ్ళ కత్తెర, సూదీ దారం అడిగి తెచ్చుకుని, లోపలి వైపు కుట్టే ఆ అస్తరు బట్ట విప్పాను. లోపల రెండు పక్కలా, కుట్టు వెంబడి, రెండేసి వేళ్ళ బట్ట మడిచి ఉంది. ఆ బరువు అదన్నమాట.

"నేను లావైతనని నీకు ముందే తెల్సా?"

"ఫ్రీగ పెడ్తరని చెప్పినవ్ గద. ఇరవై మూడేండ్ల సంది నీకు అన్నం పెడ్తున్న, నాకు తెల్వదా?"

తర్వాత జరిగిందంతా నా వేళ్ళకు గుచ్చుకుంటూ జరిగింది. పాత కుట్టు ఊడదీసి, బట్ట వదిలి, కొత్త కుట్టు వెయ్యాలి. ఫోన్‌ను పూల కుండీకి ఆనించి పెట్టాను. సూదిలో దారం ఎక్కడానికే సగం పొద్దు పోయింది. "దారం కొస తడుపు," అని అబ్బా, "దగ్గర దగ్గర గుచ్చు బేటా, దూరం పోకు," అని అబ్బా, మధ్యలో తాత, "ఆకు కట్టకు ఏసినట్టు గట్టిగ గుంజి ముడెయ్యి కొడుకా, ఊడదు," అని. ఎవరి మాట వినాలో తెలియక ఇద్దరి మాటా సగం సగం విన్నాను. చివరికి తయారైన కుట్టు ఎట్లా ఉందో చూపించమంటే కెమెరా దగ్గరగా పెట్టాను. అబ్బా ఫోన్ మొహం దగ్గరికి తెచ్చుకుని చూశాడు. "చెయ్యి కిందికే పెట్టుకో," అన్నాడు ఆఖరికి. "ఏదేమైన చెయ్యి ఎత్తకు."

ఆ సాయంత్రం నేను మెతుకు ముట్టలేదు. వంటాయన నా ముందు నుంచి బిర్యానీ పళ్ళెం మూడుసార్లు తిప్పి, నాకు జ్వరమేమోనని నుదురు పట్టుకు చూశాడు. చేతులు రెండూ ఒంటికి కరుచుకుని, గుమ్మం పక్కన కొయ్య బొమ్మలా నిలబడ్డాను. ఫోటోల వేళ వచ్చింది. మేడమ్ దయ తలిచి నన్ను పెద్దసారు పక్కన నిలబెట్టింది. అంతా సవ్యంగానే జరిగిపోతున్నట్టుంది, అందుకే నాకు భయం వేసింది. పెద్దసారు నన్ను కిందికీ పైకీ చూసి, "ఎంత బాగుందయ్యా ఇది. ఎక్కడ కుట్టించావు?" అని అడిగాడు. అన్ని నెలల్లో ఆయన నాతో మాట్లాడిన మొదటి మాట అది. నాకు ఒళ్ళు తెలియలేదు. "మా అబ్బా కుట్టాడు సార్," అంటూ, మావాళ్ళు పెద్దవాళ్ళ ముందు చేసినట్టు, చెయ్యెత్తి సలాం చేశాను. టర్రుమంది. సరిగ్గా అప్పుడే ఫ్లాష్ వెలిగింది.

ఆ ఫోటోలో పెద్దసారు చక్కగా నవ్వుతూ ఉంటాడు. పక్కన నేను, కళ్ళు బయటికొచ్చి, చెయ్యి నుదుటి దగ్గర, చంక నుంచి నడుము దాకా కుట్టు పిగిలి లోపలి తెల్ల చొక్కా కనబడుతూ. ఇంకో ఫోటో తియ్యండి అని అడిగే ధైర్యం నాకు లేదు. అబ్బా రోజూ అడిగేవాడు, "ఫోటో వచ్చిందా బేటా?" అని. రాలేదనేవాణ్ణి. రాత్రి కప్పుకుని పడుకుంటే ఆ ఖాళీ మిషనే కళ్ళ ముందు కనబడేది. ఇంటర్న్‌షిప్ మిగిలిన రోజుల్లో ఏ దేశం విందుకు వెళ్ళినా రుచి తెలియలేదు (తినడం మానలేదు గానీ, రుచి తెలియలేదు).

తిరిగొచ్చి బూర్గంపాడులో బస్సు దిగేసరికి కొట్టు ముందు నలుగురు నిలబడి పైకి చూసి నవ్వుతున్నారు. నేనూ చూశాను. మనిషి కంటే ఎత్తు ఫ్లెక్సీ. అందులో నేను, నా చంకతో సహా. మా ఆపా (మా అక్క) నేను రావడానికి కొద్ది రోజుల ముందే ఆ ఫోటోను ఎంబసీ వాళ్ళ పేజీలో పట్టుకుని అబ్బాకు ఇచ్చేసిందట. ఆయన కింద పెద్ద అక్షరాలతో ఇట్లా రాయించాడు: "పిగిలిన కుట్టు మా అబ్బాయిది. మిగతా షేర్వానీ మాది."

నేను భూమిలోకి కుంగిపోయాను. అబ్బా మాత్రం నడుము మీద చేతులు పెట్టుకుని, "భుజం చూడు, ఎట్ల కూసున్నదో. గంత లాగినా కాలర్ కదల్లే," అని గుంపుకు చూపిస్తున్నాడు. తునికాకు తాత కూడా ఉన్నాడు. "నేను చెప్పినట్టు గుంజి ముడెయ్యలే నువ్వు," అని నన్నే తప్పుపట్టాడు. నవ్వడానికి ఆగినవాళ్ళలో కొందరు లోపలికొచ్చారు, వాళ్ళలో కొందరు షేర్వానీ కొలతలిచ్చారు. ఆ సీజను అబ్బా మిషను రాత్రిళ్ళు కూడా మోగింది.

ఒక్క సీజనే. మరుసటి ఏడు షోరూం వాళ్ళు పక్క గది కూడా తీసుకున్నారు. ఫ్లెక్సీ ఎండకు వెలిసి, ముందు పెద్దసారు పోయాడు, తర్వాత నా మొహం పోయింది, ఆ నీలం మాత్రం చివరిదాకా కనబడింది. అబ్బా చూపు మందగించింది, దవాఖానాలో చూపిస్తే ఇక ఇంతే అన్నారు. ఇప్పుడు మా కొట్టు షట్టరు వెనక ఆ కిరాయి షేర్వానీలే దొంతర్లుగా ఉంటాయి, వాళ్ళు దాన్ని గోదాముకు తీసుకున్నారు. నాకు విదేశాంగ శాఖ కాదు గదా, తహసీల్దారు ఆఫీసులో కూడా ఉద్యోగం రాలేదు. ఖమ్మంలో పాఠాలు చెప్తున్నాను.

మొన్న మా ఆపా కూతురి నిఖా కుదిరింది. అబ్బా నీలం షేర్వానీయే తొడుక్కోమన్నాడు. ఇప్పుడు నా ఒళ్ళు చూస్తే (ఆయనకు చూపు లేకపోవడం ఆ ఒక్క విషయంలో మేలే) అది జరిగే పని కాదు. చెప్పాను. ఆయన షేర్వానీ ఒళ్ళో పెట్టుకుని వేళ్ళతో తడుముతూ పోయి, వెన్ను మధ్య కుట్టు దగ్గర ఆగాడు. "ఈడ ఇంకా ఉన్నది బేటా. గిదే ఆఖరిది." అప్పటి నుంచీ అక్కడ మడిచి ఉన్న బట్ట. ఆపా దారం ఎక్కించి ఇస్తుంటే, రెండు రోజులు కూర్చుని, కళ్ళు మూసుకుని, చంక కింద నా పిగిలిన కుట్టుతో సహా చేత్తోనే కుట్టాడు.

నిఖాలో ఫోటోగ్రాఫరు నన్ను పెళ్ళికూతురి తల మీద చెయ్యి పెట్టి దీవించమన్నాడు. నా చెయ్యి దానంతటదే ఒంటికి కరుచుకుపోయింది. అందరూ ఎదురుచూస్తున్నారు. కుర్చీలో కూర్చున్న అబ్బాకు ఏం కనబడిందో ఏమో, నవ్వి, "ఎత్తు బేటా. ఈసారి కుట్టు నాది," అన్నాడు. ఎత్తాను. ఎంత ఎత్తినా ఏ చప్పుడూ రాలేదు.

ఆ ఫోటో, పాత ఎంబసీ ఫోటో, రెండూ నా ఫోన్‌లో పక్కపక్కనే ఉన్నాయి. పాతది అప్పుడప్పుడూ పెద్దది చేసి చూస్తాను. రెండు వేళ్ళ లావు పెరిగినందుకు తన బతుకు ముగిసిపోయిందనుకుని గుడ్లు తేలేసిన ఆ కుర్రాణ్ణి చూస్తే ఈ మధ్య కోపం రావడం లేదు. పాపం, ఎంత సన్నగా ఉండేవాడో.