పేరు చూడమన్న బ్యాంకు పెద్దమ్మ

మా బ్యాంకు పెద్దమ్మ కిందటి శుక్రవారం పొద్దున చనిపోయింది. నరసరావుపేట ఆస్పత్రి నుంచి ఆమె కూతురు ఫోన్ చేసి చెప్పింది. నంబరు కొత్తది, గొంతు ఏడ్చి ఏడ్చి మారిపోయింది. నేను అయ్యో అనాల్సింది పోయి, "నువ్వు నిజంగా అక్కవేనా? అయితే పెద్దమ్మ వక్కల డబ్బా రంగేందో చెప్పు" అన్నాను. ఆమె ఏడుపులోనే "పచ్చది, మూత సొట్ట" అంది. ముక్కూ మొహం తెలియని నంబర్లను అట్లా నిలదీయడం నాకు నేర్పింది వాళ్లమ్మే కాబట్టి నన్నేమీ అనలేదు.

పెద్దమ్మ నాకు చుట్టం కాదు. మాచర్లలో మా ఎదురిల్లు. ఒక బ్యాంకులో ఊడ్చే పనికి చేరి, అటెండరుగా రిటైరైంది. సంతకం పెట్టడం, పేర్లు కూడబలుక్కుని చదవడం, అంతవరకే ఆమె చదువు. కానీ కౌంటరు ముందు జనం ఎట్లా మోసపోతారో ఏళ్ల తరబడి దగ్గరుండి చూసింది. అందుకే ఆమెకు లోకంలో ఎవరి మీదా నమ్మకం లేదు. పాలు పోసేవాడి ముందే పాలు కాచి చూసేది. ఏటీఎంలో తీసిన నోట్లను కూడా వెలుతురుకి పట్టి చూసేది.

మా ఆయన ట్రైలర్ డ్రైవరు. ఇక్కడ సున్నపురాయి లోడ్లు తోలుతుండగా మస్కట్‌లో ఉద్యోగం దొరికింది. వీసాకీ టిక్కెట్టుకీ డబ్బు కావాల్సి, మా అమ్మ బంగారు నానుతాడు బ్యాంకులో కుదువబెట్టాం. అమ్మ పోయేముందు తన మెడలోంచి తీసి నా మెడలో వేసిన వస్తువు అది. ఆమెదంటూ నాకు మిగిలింది అదొక్కటే. ఏది పోయినా అది పోకూడదని మా ఆయన చేత ఒట్టు వేయించుకుని మరీ పంపాను.

ఆయన మొదటి జీతం పంపుతాడనగా పెద్దమ్మ కబురు లేకుండానే వచ్చి అరుగు మీద కూర్చుంది. "ముందు అయిదు రియాళ్లు పంపమను. అవి నీ పుస్తకంలో పడినాక మిగతాది" అంది. ఫోన్‌లో మా ఆయన విసుక్కున్నాడు. అయిదు పంపినా అయిదొందలు పంపినా ఎక్స్‌ఛేంజి వాడి ఫీజు ఒకటేనట. "పోతే ఆ ఫీజే పోయిద్దిరా నాయనా, జీతం పోదు" అని పెద్దమ్మ ఫోన్ లాక్కుని చెప్పింది. ఆ అయిదు రియాళ్లు రూపాయలై వచ్చినరోజు పుస్తకంలో ఆ వరస మీద వేలు పెట్టి, పంపినవాడి పేరు అక్షరం అక్షరం చదివింది. "డబ్బు వచ్చిందా అని చూడమాక అమ్మాయ్. ఎవురి కాడ నుంచి వచ్చిందో చూడు" అంది.

నాకు ఒళ్లు మండింది. నిజం చెప్పాలంటే నేను ఆమెను అనుమానించాను. మా డబ్బుతో ఈమెకేం పని అనుకున్నాను. వీధిలో ఎవరి ఖాతాలో ఎంతుందో ఆమెకు తెలుసు. ఒకసారి నా పాస్‌బుక్ ప్రింటు వేయించుకొస్తానని తీసుకెళ్లి మర్నాడు సాయంత్రం దాకా ఇవ్వలేదు. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. కమీషన్ మీద ఎవరికో మన లెక్కలు చేరవేస్తుందేమో అని మా ఆడపడుచు అంటే, కాదని అనలేకపోయాను. అప్పటినుంచి పుస్తకం బియ్యం డబ్బాలో దాచడం మొదలుపెట్టాను.

అదే సమయంలో మా ఆయన గదిలో ఉండే మనిషి ఇంకో దారి చూపించాడు. అక్కడ ఒకాయన చేతిలో రియాళ్లు పెడితే, గంటలో ఇక్కడ మన ఖాతాలో రూపాయలు పడతాయి. ఫీజు లేదు, రేటు రియాలుకి రెండు రూపాయలు ఎక్కువ. రసీదు కూడా లేదు, అది మాకు లోపంలా కనిపించలేదు. పెద్దమ్మకు ఎట్లా తెలిసిందో తెలిసింది. గేటు దగ్గర నిలబడి, "రేటు ఎక్కువిచ్చేవాడు నీకేమన్నా చుట్టమా?" అని అడిగింది. నేను లోపలికి వెళ్లి తలుపేసుకున్నాను.

నాలుగు నెలలు అట్లాగే వచ్చాయి. ఇంతలో బ్యాంకు నుంచి నోటీసు వచ్చింది. గడువులోగా అప్పు కట్టకపోతే నానుతాడు వేలం వేస్తారు. డబ్బంతా ఖాతాలో ఉంది కదా అని ధీమాగా వెళ్లాను. కౌంటరులో అబ్బాయి కంప్యూటర్ చూసి, "మీ ఖాతా ఆపేశారండీ. వేరే రాష్ట్రం సైబర్ పోలీసులు" అన్నాడు. ఇంటికొచ్చి తిన్నగా పెద్దమ్మ వాకిట్లో నిలబడి నోటికొచ్చినట్టు అరిచాను. నీ బ్యాంకు వాళ్లకు నువ్వే ఏదో చెప్పావు అన్నాను. వీధి వీధంతా చూసింది.

అంతా విని ఆమె "పుస్తకం తే" అంది. కళ్లజోడు పెట్టుకుని చివరి పేజీ మీద వేలు నడిపింది. నాలుగు నెలలు, నాలుగు పేర్లు. ఒకటి ఏదో ట్రేడర్స్, మిగతావి మేం ఎప్పుడూ వినని మనుషులవి. "ఇందులో నీ మొగుడి పేరేదే?" అని అడిగింది. నేను ఆ పుస్తకం ఎన్నిసార్లు తెరిచానో. ప్రతిసారీ అంకె చూసి, సంతోషించి, మూసేశాను.

స్టేషన్లో ఎస్సైగారు విడమరిచి చెప్పారు. మా ఆయన ఇచ్చిన రియాళ్లు అక్కడే ఎవరి జేబులోకో పోయాయి. ఇక్కడ మాకు వేసిన రూపాయలు వేరేవాళ్లను మోసం చేసి లాగినవి. ఆఖరి నెల పడిన పెద్ద మొత్తం, ఎక్కడో దూరాన ఒక ఆయా తన కంటి ఆపరేషన్‌కి దాచుకున్నదట. ఆ సొమ్ము ఆమెకు తిరిగి పంపడానికి నాకు అభ్యంతరం లేదని రాసిస్తే మిగతాది కొన్ని నెలలకు వదులుతారు. లేదంటే కోర్టులో తేల్చుకోవాలి.

"మేం కష్టపడింది కాదా పెద్దమ్మా?" అన్నాను. ఇవ్వనని మొండికేశాను. అది పోతే నానుతాడు విడిపించే దారి లేదు. పెద్దమ్మ స్టేషన్ బల్ల మీద నా పక్కన కూర్చుని ఉంది. ఆ ఆయా ఇచ్చిన ఫిర్యాదు కూడా దొంగదే అంటుందేమోనని లోపల ఆశపడ్డాను. ఆమె మాత్రం, "నీ రియాళ్లు తిన్నోడు వేరే. ఆయమ్మ వేరే. ఆమె మీద చూపిస్తావేంది నీ కోపం?" అంది. చివరికి నేనే పెన్ను అడిగాను. సంతకం పెడుతుంటే ఏడుపు ఆగలేదు, కాగితం తడవకుండా ఆమె తన చెయ్యి అడ్డం పెట్టింది.

మర్నాడు తన పింఛను డబ్బు తెచ్చి నా చేతిలో పెట్టింది. వడ్డీ వరకు కట్టి అప్పు తిరగరాయించుకుంటే వేలం ఆగుతుందని ఆమెకు తెలుసు. ఊరికే ఇవ్వలేదు, ప్రోనోటు రాయించుకుంది. "వడ్డీ కాడ ఖాళీ వదలమాక, లేదు అని రాయి. ఖాళీగా ఉంటే నేను పోయినాక మా అల్లుడు నింపుకుంటాడు" అంది. అంత దుఃఖంలోనూ నవ్వొచ్చింది. వాకిట్లో నేనన్న మాటలకు క్షమించమని ఆరోజు అడిగాను. "నన్నూ అనుమానించావు, మంచిదే. అట్లాగే అందర్నీ అనుమానించు" అంది. అది మెచ్చుకోలో దెప్పిపొడుపో నాకు ఇప్పటికీ తెలీదు, ఆమెకు మాత్రం నేను రుణపడి ఉన్నాను.

ఆ తర్వాత మా ఆయన ప్రతినెలా రసీదు తీసుకునే పంపాడు. నేను బ్లౌజులు కుట్టి ఆమె బాకీ ముందు తీర్చాను. నానుతాడు విడిపించుకునేసరికి ఏడాది దాటింది. అప్పటికి పెద్దమ్మ నరసరావుపేటలో ఆస్పత్రి మంచమెక్కింది. బ్యాంకు నుంచి బయటికొచ్చి, మెడలో వేసుకుని, అటే బస్సెక్కాను.

ఆమె బాగా చిక్కిపోయింది. మాట సన్నగా వస్తోంది. మంచం మీదకు వంగి, చూడు పెద్దమ్మా అన్నాను. నానుతాడు వేళ్ల మధ్య పట్టుకుని, కొస నుంచి కొస దాకా తడిమి చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అంతలోనే చూపు పక్క మంచాల మీదికి, గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్ల మీదికి పోయింది. "వార్డు నిండా జనం, బుద్ధుందా నీకు" అంటూ సూది గుచ్చి ఉన్న చేత్తోనే నా పైట అంచు లాగి, మెడ చుట్టూ కప్పి, జారకుండా అట్లాగే పట్టుకుంది.