మోటరు బాగుండాది

మదనపల్లెలో మోటర్లకు కాయిల్ చుట్టే ఆ పెద్దాయనకు కాగితం మీద లెక్క చేసే అలవాటు లేదు. ఎడమ అరచేతిలో బాల్‌పెన్నుతో వేసుకునేవాడు.

పుంగనూరు పక్కన మా బోరు ఆగినప్పుడూ అంతే చేశాడు. టమోటా కాయకొచ్చిన రోజులవి. "మోటరు చెడిపోయుంటే సాలప్పా" అన్నాడు నాన్న. చెడిన మోటరును బాగు చేయించుకోవచ్చు.

ఆయన తీగలకు బ్యాటరీ తగిలించి, ఓల్టులను ఆంపియర్లతో భాగించాడు. కాయిల్లో లోపం లేదు. బ్యాటరీ తీసేసి, మోటరు ఆన్ చేసి, ఈసారి ఓల్టులను ఆంపియర్లతో గుణించాడు. రోజూ లాగేదాంట్లో సగం కరెంటే లాగుతోంది. ఎత్తడానికి నీళ్లుంటే అంత తక్కువ లాగదు. అరచెయ్యి తుడుచుకొని ఇంకోసారి వేశాడు. అదే జవాబు.

"మోటరు బాగుండాదప్పా" అన్నాడు, నాన్న మొహం చూడకుండా.

బోరు ఎండిందనే మాట ఆయన నోట నేనెప్పుడూ వినలేదు.

ఇప్పుడు కుప్పంలో పిల్లలకు ఆ లెక్కలే చెప్తున్నాను. పోయిన ఎండాకాలం ఆయన్ను చూడబోతే, తన చేలో, సొంత బోరు దగ్గర కూర్చొని ఉన్నాడు. అరచేతిలో లెక్క వేస్తున్నాడు, తుడుస్తున్నాడు, మళ్లీ వేస్తున్నాడు. అన్నం తెచ్చిన భార్య అడిగింది.

"ఏమాయ? కాలిపోయిందా?"

ఆయన గుప్పిట మూసుకున్నాడు.

"లేదు. మోటరు బాగుండాది."

ఆమె నెత్తిమీది గంప దించకుండానే గట్టుమీద కూర్చుండిపోయింది.