లింఫు గ్రంథుల స్పెల్లింగు

తొంభైల చివర్లో, మాదాపూర్ గుట్టలు పగలగొట్టి అద్దాల మేడలు కడుతున్న రోజుల్లో, నేనొక మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ శిక్షణ కేంద్రంలో చేరాను. అమెరికా డాక్టర్లు టేపుల్లో చెప్పే రోగుల వివరాలు విని టైపు చేయడం పని. మా శిక్షకుడు ఏడాదిపాటు విదేశంలో ఉండి వచ్చాడట. అక్కడ ఆయన నేర్చుకున్నది ముక్కుతో మాట్లాడటం ఒక్కటే. ప్లీహం కడుపులో ఏ పక్కన ఉంటుందో ఆయనకు తెలియదు. తెలియదన్న సిగ్గూ లేదు.

ఒకరోజు టేపులో, రోగి మెడలో లింఫు గ్రంథులు వాచాయన్న మాట వచ్చింది. నా పక్క సీటులో కూర్చునే అమ్మాయి, పక్కనే ఉన్న కొత్తగూడ నుంచి వచ్చేది, లేచింది.

"గవి ఏంది సార్? ఏడుంటయ్?"

"ఎక్కడుంటే నీకెందుకమ్మా? స్పెల్లింగ్ కరెక్టుగా కొట్టు, చాలు."

"నా మెడల గూడ గడ్డలున్నయ్ సార్. గవేనేమో అని."

క్లాసంతా నవ్వింది. బీయస్సీ జువాలజీ ఫస్టు క్లాసులో పాసైన నేనూ నవ్వాను. అందుకు ఆయన్నెంత తిట్టుకుంటానో నన్నూ అంతే తిట్టుకుంటాను.

భోజనాల వేళ ఆమె చున్నీ పక్కకు తీసి చూపించింది. చెవి కింద నుంచి మెడ పొడుగునా రేగిపళ్ళంతేసి గడ్డలు, ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. నొప్పి లేదట. రెండు నెలలుగా సాయంత్రాలు ఒళ్ళు వెచ్చబడుతోందట.

"ఇంట్లో చెప్పలేదా?"

"చెప్పిన అక్కా. అమ్మ పసుపు వెట్టింది. పోతయ్ తియ్ అన్నది."

మర్నాడు క్లాసు ఎగ్గొట్టి, ఇద్దరం బస్సెక్కి సర్కారు దవాఖానకు వెళ్ళాం. డాక్టరమ్మ గడ్డలోకి సూది గుచ్చి, కాస్త తీసి పరీక్షకు పంపింది. వారం తర్వాత తేలింది, గ్రంథులకు క్షయ అని.

"ఆరు నెలలు మానకుండా మాత్రలు మింగు. ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయి. నీ నుంచి ఎవరికీ అంటదు," అంది.

అదే శిక్షకుడికి చెప్పాను. ఆయన కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"ఏసీ రూమండీ, అందరికీ అంటుకుంటుంది. ఆ అమ్మాయిని రావద్దనండి."

"మెడ గ్రంథుల్లో ఉన్నది గాల్లోకి ఎలా వస్తుందండీ?"

"మీరు డాక్టరా?"

"కాదండీ. మీరూ కాదుగా."

ఆయన మాట వెనక్కి తీసుకోలేదు. మనిషి ఒంటి గురించి రోజుకు ఎనిమిది గంటలు చెప్పేవాడు, ఎదురుగా ఒళ్ళున్న మనిషి నిలబడితే భయపడ్డాడు.

ఆమె క్లాసు మానేసింది, మాత్రలన్నీ మింగింది. గడ్డలు కరిగాయి, ఒకటి మాత్రం చితికి, చిన్న మచ్చ మిగిల్చింది. మళ్ళీ క్లాసుకు వస్తావా అని నేనడిగితే, "ఆయన మొఖం సూడబుద్ధి అయితలేదక్కా," అని ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో చేరింది.