కంటి కొసన కుట్టు

ఎనభైల మొదట్లో నా ఎడమకంటి కొసన, కాస్త కిందుగా, శనగగింజంత కంతి లేచింది. అప్పటికి ఇరవై ఏళ్లుగా తిరుత్తణిలో జాకెట్లు కుడుతున్న దర్జీని నేను. కంతి పెరిగి కింది రెప్పను తోస్తుంటే, సూదిలో దారం ఎక్కించేసరికి కన్ను నీళ్లు కారేది. తీయించక తప్పదు, తీయించాలంటే భయం. మా బావకు మోచేతి మీద గడ్డ కోసి, ఎవరో గోనెసంచి మూతి కుట్టినట్టు కుట్టారు. ఆ మచ్చ జెర్రిలా తేలి చర్మాన్ని ఒక పక్కకు లాగేసింది. అలాంటిది కంటి దగ్గర పడితే రెప్ప కిందికి జారిపోతుంది. ఇక నా పని గోవిందా.

తిరువళ్లూరు ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆరంబాక్కం వైపు మనిషి, ఇంట్లో తెలుగే. నాకంటే పదేళ్లు చిన్నది. బల్ల మీద పడుకోబెట్టే ముందు నన్ను ఎదురుగా కూర్చోబెట్టి, "నవ్వు టైలరన్నా" అంది.

"ఇది నవ్వే పొద్దామ్మా?"

"నువ్వు నవ్వితేనే గదా, ముడత యాడ పడతాదో తెలిసేది. ఆ ముడత ఎంబడే కోస్తా. అడ్డం కోస్తే మచ్చ ఎడల్పవుతాది."

గుడ్డలో పోగు ఎటు నడుస్తుందో చూసి కత్తెర పెట్టడం నాకు తెలుసు. మొహానికి కూడా పోగుంటుందని ఆరోజే తెలిసింది.

మత్తుసూది వేశాక నొప్పి లేదు గాని, దారం లాగడం తెలుస్తూనే ఉంది. నా నోరు ఊరుకోదు కదా. "బాగా బిగించమ్మా, ఊడిపోతే కష్టం" అన్నాను.

"జాకెట్టు కుట్టు బిగిస్తే ఏమైతాదన్నా?"

"గుడ్డ ముడుచుకుంటాది."

"తోలూ అంతే. బరువంతా లోపల కుట్టు మోస్తాది. పైదారం ఊరికే అంచులు తాకిస్తే సాలు."

లోపలి దారాన్ని ఎవరూ తీయక్కర్లేదట, ఒళ్లే కరిగించుకుంటుందట. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని ఊరికే అన్నారా?

అయిదోనాడు పైకుట్లు విప్పారు. ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంటే, గీత పొడవునా సన్నగా గట్టు లేచి ఉంది. అంత చేసి చివర్లో చెడగొట్టిందని ఒళ్లు మండింది. అంగట్లో ఏ కుట్టు లేచినా బొటనవేలి గోరుతో రుద్ది అణచడం నాకు అలవాటు. మిషన్ ముందు కూర్చుని ఆ గట్టును అలాగే రుద్దాను. మా ఆవిడ చూసి, "అది మొగమా, కాలరా? చెయ్యి తీయ్" అంది. వింటేనా!

మూడోరోజు కొసన చర్మం విడిపోయి నెత్తురు తేలింది. నిజంగా భయపడ్డాను. రెప్ప జారిపోతే ఈ వయసులో ఇంకో పని నేర్చుకోగలనా? దొరికిన మొదటి బస్సెక్కి తిరువళ్లూరు పోయాను.

ఆమె తిట్టలేదు. శుభ్రం చేసి పట్టీ అంటిస్తూ అడిగింది: "కొత్త నూలుగుడ్డ కుట్టేటప్పుడు ఏం జేస్తావన్నా?"

"ఉతికితే కుదించుకుపోతాది గదా, కొంచెం వదులు పెడతా."

"నేనూ అదే జేసినా. కొత్త మచ్చ కుంగుతాది. లేపి కుడితే కొన్నాళ్లకి సమమైతాది. సదునుగా కుడితే గుంట పడతాది. నువ్వు దాన్ని ఇప్పుడే అణిచినావు."

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. గుడ్డ రేపు ఎలా మారుతుందో చూసుకుని కుట్టేవాణ్నే నేను. ఆమె బతికున్న చర్మం ఏడాది తర్వాత ఎలా ఉంటుందో చూసుకుని కుట్టింది. అలాంటి చేతిని నేను అంతకుముందు చూడలేదు, తర్వాత కూడా చూడలేదు. నాకంటే చిన్నదని చూడకుండా దండం పెట్టాను.

ఏడాది తిరిగేసరికి గట్టు అణిగి, గీత నవ్వుముడతలో కలిసిపోయింది. రెప్ప ఉన్నచోటే ఉంది, కన్ను నీళ్లు కారడం లేదు. కొసన మాత్రం బియ్యపుగింజంత తెల్లటి గుంట మిగిలింది. చూసినవాళ్లు దాన్నే చూస్తారు. "డాక్టరు ఆడ సరిగ్గా కుట్టలేదా అన్నా?" అని అడుగుతారు.

"అది ఆయమ్మ పని గాదు, నాది" అంటాను.