పచ్చి ఇటుక

2023 మార్చి 9, గురువారం, ఉదయం పదిన్నర. ఎచ్చెర్లలోని మా నిఘంటు కార్యాలయంలో సంపాదకులు నా బల్ల మీద ఒక కార్డు పెట్టారు. దానిపై ‘ఇటుక’ అన్న ఒక్క మాటే ఉంది. నాకు స్వతంత్రంగా అప్పగించిన మొదటి పదం అది. సోమవారానికి దాని పుట్టుక, అర్థం రాసి ఇవ్వాలి. అది సరిగా కుదిరితేనే నా ఉద్యోగం కొనసాగుతుంది.

మనకు ఈ మాట సంస్కృత ‘ఇష్టక’ నుంచి ప్రాకృతం మీదుగా వచ్చింది. కాల్చిన ఇటుకలతో పేర్చే యజ్ఞవేదికతో దానిని ముడిపెట్టే పాత వివరణను నమ్మి, ‘కాల్చిన మట్టిదిమ్మ’ అని అర్థం రాశాను. ఒక చిక్కు మాత్రం మిగిలింది. ఒకే మూలం నుంచి వేరువేరు భాషల్లో మిగిలిన తోబుట్టువు మాటను మేము ‘కాగ్నేట్’ అంటాము. పారశీకంలో దీని కాగ్నేట్ ‘ఖిష్త్’. అది ఎండబెట్టిన పచ్చి ఇటుక. అక్కడ అర్థం మారి ఉంటుందని ఒక వాక్యం రాసి సరిపెట్టుకున్నాను.

ఆదివారం నరసన్నపేట దగ్గరి మా ఊరికి వెళ్లాను. మా అమ్మ ఏళ్ల తరబడి బట్టీల్లో మట్టి తొక్కి అచ్చు వేసింది. కాల్చే పని వేరేవాళ్లది. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. రాసినదేదైనా ఆమెకు చదివి వినిపించడం నా అలవాటు; ఇదీ వినిపించాను.

“ఏటిరా, కాల్సకపోతే ఇటిక కాదా?” అంది.

“పాత పుస్తకాలు అలాగే అంటన్నాయమ్మా.”

“మరైతే నాను ఇన్నాళ్లూ సేసిందేటి? సెప్పు.”

నేను రాసిన అర్థాన్ని మళ్లీ చదువుకున్నాను. అమ్మే అందుకుంది.

“అచ్చు ఎత్తినాక కింద ఉన్నాది ఇటికే. వానొస్తే ఇటికలు తడిసిపోతన్నాయని లగెత్తుతాం. మట్టి తడిసిపోతందని ఎవులైనా లగెత్తుతారేటి? ఆ పుస్తకం రాసినోడు ఒక్క వానకైనా లగెత్తినాడా?”

తిరుగు బస్సులో ఖిష్త్ మళ్లీ గుర్తుకు వచ్చింది. అర్థం మార్చుకున్నది పారశీకులు కాకపోవచ్చు. సంస్కృత, పారశీక రూపాలను పక్కపక్కన పెట్టి ఆ రెండు భాషలకూ తల్లి అయిన ప్రాచీన ఇండో-ఇరానియన్ రూపాన్ని కట్టాను: *ఇష్ట్య. ముందున్న నక్షత్రం అది రాతలో దొరకలేదని, ఊహించి కట్టినదని చెబుతుంది. ఐరోపా భాషల్లో దీనికి నమ్మదగిన బంధువు కనిపించలేదు. అందుకే, పశువుల వెంట తిరిగిన ఇండో-ఇరానియన్ జనం, మధ్య ఆసియాలో పచ్చి ఇటుకలతో ఇళ్లు కట్టుకుని ఉన్నవారి నుంచి వస్తువుతోపాటు మాటనూ తీసుకున్నారని పండితుల అంచనా. అంటే కాల్చిన ఇటుకల వేదికకు ముందే పచ్చి ఇటుకల గోడ ఉంది. ‘కాల్చిన’ అన్న మాట కొట్టేశాను.

“ఆధారం?” అన్నారు సంపాదకులు సోమవారం.

“పారశీకం ఒకటి సార్. మా అమ్మ ఒకటి.”

ఆయన నవ్వలేదు. “ఆమె పేరు, వృత్తి కార్డు మీద రాయండి,” అన్నారు.

నా ఉద్యోగం కొనసాగింది. ఇటుకకు ఇప్పుడు మా నిఘంటువులో ఉన్న అర్థం ‘అచ్చు వేసిన మట్టిదిమ్మ, పచ్చిదైనా, కాల్చినదైనా’. పనిముట్ల పేర్లు, చేతిపనుల పేర్లు రాసే ప్రతి కార్డులోనూ ఒక కొత్త గడి చేరింది: ‘ఆ పని చేసేవారిని అడిగారా?’