ఎడమ పెదనాన్నది, కుడి నాన్నది

మా లారీని ఎడమ నుంచి చూస్తే నీలం, కుడి నుంచి చూస్తే ఆకుపచ్చ. తాతయ్య పోయాక బండి అన్నదమ్ములిద్దరికీ వచ్చింది. ఏ రంగు వేయాలన్న దగ్గర ఇద్దరికీ పొసగలేదు. చివరికి ఎడమ సగం పెదనాన్నది, కుడి సగం నాన్నది అని తేల్చుకున్నారు. అద్దాలు, లైట్లు, టైర్లు ఎవరి పక్కవి వాళ్ళే చూసుకోవాలి. ఇదేం తెలివిరా బాబూ అని నేను మొహం మీదే అన్నాను. ఎవరూ పట్టించుకోలేదు.

నడిపేది పెదనాన్నే. స్టీరింగు కుడి పక్క ఉంది కాబట్టి ఆయన బతుకంతా తమ్ముడి సగంలోనే గడిచింది. "నా సీటు అరగదీస్తున్నావు" అని నాన్న అంటే, "నీది కాబట్టే గుచ్చుకుంటోంది" అనేవాడు. కొండ ఎక్కేటప్పుడు లారీని "రా తల్లీ, రా బంగారం" అని బతిమాలతాడు. దిగేటప్పుడు పాట అందుకుంటాడు. రాగం ఉండదు గానీ గొంతు ఇంజన్ను మించిపోతుంది. ఒకసారి ఓ రవాణా కంపెనీ వాళ్ళు నడపడానికి కొత్త బండి ఇస్తామని పిలిస్తే పొద్దున వెళ్ళి మధ్యాహ్నానికి తిరిగొచ్చాడు. "ఆ బండి నాతో మాట్లాడట్లేదు" అన్నాడు. పెద్దమ్మ నవ్వలేక చచ్చింది.

అలాంటి మనిషికి గడ్డుకాలం వచ్చింది. మీటరు బోర్డు మీద రెండు పసుపు దీపాలు వెలగడం మొదలెట్టాయి. ఒకటి ఏబీఎస్‌ది, బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది. రెండోది ట్రాక్షన్‌ది, చక్రం నేలను పట్టకుండా ఉత్తినే తిరిగితే అదుపు చేసేది. అవి వెలుగుతుంటే ఫిట్‌నెస్ తనిఖీలో బండి పాసవదు. తనిఖీ ఆ మధ్యాహ్నమే.

"ఫెయిలైతే అమ్మేద్దాం అన్నయ్యా. ఇక నా వల్ల కాదు" అని నాన్న తెగేసి చెప్పాడు. పెదనాన్న సరేనన్నాడు. అన్నాడే గానీ పొద్దుట్నుంచీ బండి చుట్టూ తిరుగుతూ దాని తలుపు నిమురుతూనే ఉన్నాడు.

ఎలక్ట్రీషియన్ అక్క మా యార్డుకొచ్చి బండి కిందికి దూరింది. ప్రతి చక్రం దగ్గరా ఒక పళ్ళ రింగు, దాన్ని ఆనుకుని ఒక సెన్సర్ ఉంటాయి. చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో సెన్సర్ లెక్కపెట్టి కంప్యూటర్‌కు చెబుతుంది. అక్క ఒక్కొక్కటీ తుడిచింది, లోపలికి నొక్కింది, వైర్లు లాగి చూసింది.

"వైర్లు బాగున్నాయి. సెన్సర్లు బాగున్నాయి. మరి గొడవెక్కడ?"

"గొడవ కావాలంటే వీళ్ళిద్దర్నీ అడుగమ్మా" అంది పెద్దమ్మ.

అక్క బండి కంప్యూటర్‌కు స్కానర్ తగిలించి నొసలు చిట్లించింది. "తిన్నగా పోతున్నా సరే, కుడి వెనక చక్రాలు వేగంగా తిరుగుతున్నాయంట. ఎడమవి నెమ్మది."

"నా పక్క చురుకెక్కువ మరి" అని నాన్న మీసం దువ్వాడు.

అక్క రెండు పక్కల టైర్ల మీదా సుద్దతో గీతలు పెట్టించింది. గీతలు రెండూ నేలకు ఆనేట్టు బండిని నిలబెట్టి, యార్డు చివరిదాకా తిన్నగా పోనిచ్చాం. అక్కడ ఆపేసరికి కుడి గీత ఎన్నో చుట్లు తిరిగి మళ్ళీ నేల మీదికి వచ్చింది. ఎడమది ఇంకా సగం దారిలోనే ఉంది. అక్క వంగి టైర్ల మీద అచ్చేసిన అంకెలు చదివింది.

"పెద్ద ఓనరుగారూ, ఈ టైర్లు ఎప్పుడేశారు?"

"మొన్ననే. నా పక్క వెనకవి నాలుగూ కొత్తవేశా. సైజు కూడా ఒకటి పెంచా." పెదనాన్న గొంతు తగ్గింది. "నా సగం కాస్త ఎత్తుగా కనబడుతుందనీ."

"చిన్న ఓనరుగారివేమో అరిగిపోయిన చిన్న సైజు. పెద్ద టైరు నెమ్మదిగా తిరుగుతుంది, చిన్నది ఎక్కువ చుట్లు తిరుగుతుంది. కుడివి జారుతున్నాయేమోనని కంప్యూటర్ కంగారు పడుతోంది. మీ పంపకాలు దానికేం తెలుసు పాపం!"

పెద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నేను ఆపుకోలేదు, పగలబడి నవ్వాను.

"నవ్వింది చాలు గానీ జాకీ తేరా" అన్నాడు నాన్న.

దారి అక్కే చెప్పింది. వెనకున్న రెండు ఇరుసుల్లో ఇంజన్ తిప్పేది మొదటిదాన్నే. రెండోది బరువు మోయడానికే. కొత్తవి నాలుగూ మొదటి ఇరుసుకు రెండు పక్కలా వేయాలి, పాతవి నాలుగూ రెండోదానికి. అప్పుడు ఏ ఇరుసుకైనా రెండు పక్కలా ఒకే సైజు.

అన్నదమ్ములిద్దరూ బిగుసుకుపోయారు.

"నా టైర్లు వాడి పక్కకా?"

"రేపు నా టైర్లు అరగదీశావంటాడు. నాకొద్దమ్మా."

"అయితే అమ్మేసుకోండి" అని అక్క సంచి సర్దింది. "కొనేవాడు మాత్రం రెండు పక్కలూ కలిపే కొంటాడు."

పెదనాన్న ఒక్క క్షణం బండి వైపు చూశాడు. వెంటనే వీల్ స్పానర్ అందుకుని తన పక్క నట్లు విప్పడం మొదలెట్టాడు. నాన్న ఏదో గొణుగుతూ చొక్కా విప్పి రెండో స్పానర్ తీసుకున్నాడు. నట్టు బిగుసుకున్నప్పుడల్లా "నీ బుర్రలాగే ఉందిరా" అని ఒకరు, "నీ పొట్టతో నొక్కు" అని ఇంకొకరు. అంత సరదా పని నేను కాలేజీలో ఉన్నన్నాళ్ళూ చేయలేదు.

అంతా బిగించి, అక్క కంప్యూటర్‌లో పడిన పాత తప్పుల కోడ్లు చెరిపి, తాళం తిప్పితే రెండు దీపాలూ మళ్ళీ వెలిగాయి. పెదనాన్న ముఖం పాలిపోయింది.

"నిలబడి చూస్తే ఆరవు బాబూ" అంది అక్క. "రెండు పక్కలా చక్రాలు ఒక్కలా తిరుగుతున్నాయని కంప్యూటర్‌కు తెలియాలి కదా. నడపండి!"

నాన్న ఎడమ తలుపు తీసి ఎక్కాడు. నేను వాళ్ళ వెనక కూర్చున్నాను. బండి గేటు దాటింది. దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. మలుపు తిరిగి రోడ్డెక్కి పెదనాన్న గేరు మార్చాడు. ఒకటి ఆరింది. నాన్న మీటరు బోర్డు మీదికి వంగాడు. రెండోదీ ఆరింది.

"ఆరిందన్నయ్యా!" అని నాన్న అరిచిన అరుపుకు పక్కన పోతున్న సైకిలాయన దిగిపోయాడు. పెదనాన్న పాట అందుకున్నాడు. నాన్న కూడా గొంతు కలిపాడు. చెవులు మూసుకోవాలనిపించింది గానీ మూసుకోలేదు.

తనిఖీ కేంద్రంలో ఆఫీసరు బండి ఎక్కాడు, ఒక చుట్టు తిప్పి గట్టిగా బ్రేకు వేశాడు, దిగి కాగితం మీద ముద్ర కొట్టాడు. పెదనాన్న ఆ కాగితాన్ని ఒకసారి నాకు, ఒకసారి నాన్నకు, ఒకసారి ఎవరో దారిన పోయేవాడికి చూపించాడు.

"తమ్ముడూ, ఖాళీ బండే కదా. చుట్టు తిరిగి కొండ మీదుగా పోదామా?"

"డీజిల్ దండగ" అన్నాడు నాన్న, అప్పటికే పైకెక్కి తలుపు వేసుకుంటూ.