జిల్లా గీత దాటని సాఫ్ట్‌వేర్

2022లో, జిల్లాలు విడిపోయిన కొన్ని నెలలకు, సూళ్లూరుపేటలో ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో మా సాఫ్ట్‌వేర్ పెట్టడానికి వెళ్లాను. మాది వెంకటాచలం. నెల్లూరులో ఒక చిన్న కంపెనీలో పదిహేనేళ్లుగా ఈ పనే చేస్తున్నాను. అయినా మా ఇంట్లో ఎవరైనా అడిగితే ఇప్పటికీ "కంప్యూటర్లు బాగుచేస్తాది" అనే చెబుతారు. కాబట్టి నా పనేమిటో ముందు చెప్పుకోవాలి.

బ్లడ్ బ్యాంకులు కొన్ని తమ దగ్గర ఏ గ్రూపు రక్తం ఎన్ని యూనిట్లుందో అడిగిన వెంటనే చెప్పేలా ఇంటర్నెట్‌లో ఒక ఏర్పాటు చేసుకుంటాయి. దాన్ని వెబ్ సర్వీస్ అంటాం. దాన్ని అడిగేది మనిషి కాదు, ఇంకో కంప్యూటరు. అలాంటి సర్వీసులు ఎక్కడెక్కడ ఉన్నాయో నమోదు చేసిన జాబితా పేరు రిజిస్ట్రీ. మా వర్క్‌ఫ్లో సాఫ్ట్‌వేర్ రిజిస్ట్రీలో వెతికి, దొరికిన సర్వీసులన్నిటినీ వరసగా అడిగి, వచ్చిన జవాబులను సర్ది నర్సు ముందు ఒక్క తెరమీద పెడుతుంది. పదిచోట్లకు ఫోన్లు చేసి బతిమాలుకునే పని అర నిమిషంలో తేలిపోతుంది.

ఆ ఆసుపత్రి హెడ్ సిస్టర్ రూతమ్మ గారికి ఇరవై ఏళ్ల అనుభవం. నెల్లూరు, గూడూరు, తిరుపతి, చెన్నై బ్లడ్ బ్యాంకుల నంబర్లన్నీ ఆవిడ డైరీలో ఉన్నాయి. నేను నేర్పుతుంటే బుద్ధిగా విని, చివర్లో "ఏంది మేడమ్, నా డైరీకి పని లేకుండా చేస్తారా?" అంది. నవ్వుతూనే అన్నా, ఆ డైరీని మాత్రం చంకలోంచి తియ్యలేదు. నాకు కాస్త చిర్రెత్తింది. మా సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా తేలిగ్గా చూస్తే నేను ఊరుకోలేను. అది నా బలహీనత.

ఉదయం పదకొండు గంటలప్పుడు ఆటోలో ఒక గర్భిణిని తీసుకొచ్చారు. పేరు సుగుణ, ఎనిమిదో నెల, పులికాట్ సరస్సు ఒడ్డున చేపలు పట్టే పల్లె. భర్త చేపల వేటకు పోయి ఉన్నాడు. వెంట వచ్చింది అత్తగారు చెంగమ్మ. కట్టుకున్న చీరకింకా చేపల వాసన పోలేదు. సంతకు పోయే దారిలోంచి వెనక్కి తిరిగి కోడలితో వచ్చేసిందట. సుగుణకు రక్తం పోతోంది. డాక్టరమ్మ స్కాన్ చేసి, మాయ గర్భసంచి ముఖద్వారానికి అడ్డంగా ఉందని చెప్పింది. ఆపరేషన్ చేసి బిడ్డను తీయాలి. సుగుణది ఓ నెగటివ్, అంత సులువుగా దొరకని గ్రూపు.

"రెండు యూనిట్లు చేతికి రాకుండా థియేటర్లోకి తీసుకెళ్లలేను. అట్లని సాయంత్రం దాకా ఆగనూ లేను" అంది డాక్టరమ్మ.

సిగ్గుపడుతూనే రాస్తున్నాను: ఆ క్షణంలో లోపల నాకు సంబరం వేసింది. మా సాఫ్ట్‌వేర్ సత్తా చూపించే అవకాశం కాళ్ల దగ్గరకొచ్చింది కదా అనిపించింది. గ్రూపు కొట్టి బటన్ నొక్కాను. ఇరవై సెకన్లు కూడా పట్టలేదు. గూడూరులో లేదు. తిరుపతిలో నాలుగు యూనిట్లున్నాయి.

"చూశారా సిస్టర్?" అన్నాను.

రూతమ్మ గారు తెర చూసి, గడియారం చూసింది. "తిరుపతికి పోనూ రానూ నాలుగ్గంటలు మేడమ్. అంతసేపు ఈ పిల్ల ఉండొద్దా?"

ఆవిడ డైరీ తీసి నెల్లూరుకు ఫోన్ చేసింది. అక్కడ ఉంది గానీ దూరం అంతే. చెన్నైకి చేస్తే, రక్తం ఉందన్నారు, కానీ ఊళ్లోకి పోయి ఆ ట్రాఫిక్కులోంచి తిరిగి రావాలి. డాక్టరమ్మ ఆలోచనలో పడింది. రక్తాన్ని ఇక్కడికి తెప్పించే బదులు పేషెంటునే అంబులెన్సులో తిరుపతికి పంపేద్దామా అంది. దారిలో రక్తం పోవడం ఎక్కువైతే ప్రాణానికే ముప్పు.

తలుపు దగ్గర నిలబడ్డ చెంగమ్మ అప్పుడు నోరు తెరిచింది. "అమా, గుమ్మిడిపూండిలో అడగరాదా? ఆడ కొత్తగా రక్తం ఇచ్చే ఆఫీసు పెట్టినారు. నేను రోజూ పీతల బుట్ట దించేది దాని ముందరే."

"అది వేరే రాష్ట్రం అమ్మా. మన లిస్టులో రాదు" అన్నాను, తెర మీదినుంచి తల తిప్పకుండానే. విసుగ్గానే అన్నాను. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కోడలి మంచం వైపు చూస్తూ ఉండిపోయింది.

రూతమ్మ గారికి మాత్రం కోపం వచ్చింది. "ఎందుకు రాదు మేడమ్? ఈ ఊళ్లో సగం మంది పొద్దున్నే ట్రైనెక్కి ఆడికే పనికి పోతారు. ముప్పావు గంట. మీ మిషనుకు జిల్లా తెలుసు గానీ దూరం తెలీదా?"

తెర మీది పేర్లు మళ్లీ చూశాను, రెండూ ఒకే జిల్లావి. ఆవిడన్నది అక్షరాలా నిజం. నెల్లూరులో మొదటిసారి ఈ సాఫ్ట్‌వేర్‌ను చూపించినప్పుడు వెతుకులాటకు హద్దుల్లేకుండా వదిలేశాం. తెర నిండా పేర్లు వచ్చిపడ్డాయి. చూడ్డానికి అసహ్యంగా ఉందని నేనే, నా చేత్తోనే, 'ఆసుపత్రి ఉన్న జిల్లా వరకే' అని హద్దు పెట్టాను. పక్క రాష్ట్రం రిజిస్ట్రీని కూడా నేనే మూసేశాను. ఆ తర్వాత జిల్లాలు విడిపోయి సూళ్లూరుపేట తిరుపతి జిల్లా కిందికి వెళ్లింది. సాఫ్ట్‌వేర్ నేను చెప్పినట్టే చేసింది. తప్పంతా నాది. పైగా దారి తెలిసిన మనిషిని కసురుకున్నాను.

రెండు సెట్టింగులు మార్చాలి, అంతే. మామూలుగా రెండు నిమిషాల పని. ఆ రోజు కంగారులో పాస్‌వర్డ్ రెండుసార్లు తప్పు కొట్టాను. జిల్లా తీసేసి దూరం పెట్టాను, అరవై కిలోమీటర్లు. పక్క రాష్ట్రం రిజిస్ట్రీ తెరిచాను. బటన్ నొక్కాను. అన్నిటికన్నా పైన గుమ్మిడిపూండి వచ్చింది. ఓ నెగటివ్, మూడు యూనిట్లు.

"మిషను చెప్పింది సరే, మనిషి కూడా చెప్పాల" అని రూతమ్మ గారు ఆ నంబరుకు ఫోన్ చేసింది. అవతల తమిళం. ఆవిడ ఫోను తీసుకెళ్లి చెంగమ్మ చేతిలో పెట్టింది. రోజూ అక్కడ బేరాలాడే మనిషి కదా, గడగడా మాట్లాడి ఒక్క నిమిషంలో తేల్చేసింది. "మూడు ఉండాయంట. రెండు పక్కన పెడతామన్నారు. డాక్టరమ్మ కాగితం, పిల్ల రక్తం శాంపుల్ తెమ్మన్నారు."

ఆసుపత్రి కారులో ల్యాబ్ టెక్నీషియన్ శాంపుల్ పట్టుకుని ఎక్కాడు. దారి చూపడానికి, మాట్లాడ్డానికి చెంగమ్మ కూడా ఎక్కాలి. కోడలి చెయ్యి వదలబుద్ధి కాక అటూ ఇటూ చూసింది. ఆ చెయ్యి నేను పట్టుకున్నాను. ఇంకేం చేయాలో నాకు తోచలేదు.

తర్వాతి రెండు గంటలు నేను ఆ మంచం పక్కన స్టూలు మీదే ఉన్నాను. సుగుణకు ఇరవై రెండేళ్లుంటాయేమో. నర్సులు సెలైన్ మారుస్తున్నారు, బీపీ చూస్తున్నారు. ఆ పిల్ల మధ్యమధ్యలో కళ్లు తెరిచి "మా అత్త వచ్చేస్తాదా అక్కా?" అని అడిగేది. "వచ్చేస్తోందమ్మా, దారిలో తడ ఊరు దాటేసింది" అని చెప్పేదాన్ని. ఎక్కడుందో నాకేం తెలుసు? ఫోను చేస్తే అక్కడ రక్తం కలుస్తుందో లేదో మ్యాచింగ్ చూస్తున్నారని ఒకసారి, బయల్దేరామని ఒకసారి చెప్పారు. నాకు తెలిసిన ప్రార్థనలన్నీ లోపల్లోపల చెప్పేశాను, కొన్ని రెండుసార్లు.

కారు గేటులోకి వచ్చిన చప్పుడుకు రూతమ్మ గారు ఆ వయసులో మెట్ల మీద పరుగెత్తింది. చెంగమ్మ రక్తం ఉన్న చల్లటి డబ్బాను పసిబిడ్డను పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని దిగింది. పావుగంటలో సుగుణను థియేటర్లోకి తీసుకెళ్లారు.

ఆడపిల్ల. బరువు కాస్త తక్కువే, కానీ ఏడుపు మాత్రం వరండా దాకా వినిపించింది. తల్లికి రెండో యూనిట్ ఎక్కుతోందని, రక్తం ఆగిందని డాక్టరమ్మ మాస్కు కిందికి లాగి చెప్పింది. నేను గోడకు ఆనుకుని అక్కడే కింద కూర్చుండిపోయాను. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చేశాయి. రూతమ్మ గారు మంచినీళ్ల సీసా తెచ్చిచ్చి, "లెయ్యండి మేడమ్, అయిపాయ. మీ మిషను మంచిదే. ఆ లిస్టు అట్నే ఉంచండి, ఎంత పొడుగైనా పర్లేదు" అంది.

చెంగమ్మ దగ్గరికి పోయి, పొద్దున అన్న మాటకు క్షమించమన్నాను. ఆవిడకు అదేమీ గుర్తున్నట్టు లేదు. ఆవిడ ధ్యాస వేరే ఉంది.

"అమణ్ణీ, ఆ రక్తం ఇచ్చినోళ్లు ఎవురో నీ కంప్యూటర్లో కనపడతాదా?"

"కనపడదమ్మా. పేర్లు చెప్పరు."

"పోనీలే. రేపట్నుంచి ఆ ఊళ్లో ఎవురు పీతలు కొన్నా ఒకటి ఎక్కువే వేస్తా. వాళ్లలో ఎవురో ఒకరు అయ్యుంటారు కదా."

అదే రోజు కూర్చుని, మేము సాఫ్ట్‌వేర్ పెట్టిన ఆసుపత్రులన్నిటిలో జిల్లా హద్దు తీసేశాను. ఇప్పుడు ఏ ఊరు వెళ్లినా లాప్‌టాప్ తెరవకముందే వరండాలో కూర్చుంటాను. ఆయాలను, ఆటోవాళ్లను, పేషెంట్ల వెంట వచ్చినవాళ్లను, అవసరమొస్తే ఎక్కడికి పోతారని అడుగుతాను. వాళ్లు చెప్పిన ఊళ్లన్నీ జాబితాలో కనిపిస్తేనే పని పూర్తయిందని సంతకం పెడతాను. సర్వీసులను వెతకడం నా వృత్తి. అయినా ఆ రోజు కావలసిన సర్వీసు ఏ ఊళ్లో ఉందో, దాన్ని రోజూ చూసే మనిషి నా వెనకే నిలబడి చెబుతుంటే, నేను తల తిప్పి చూడలేదు.